చుట్ట మంటకు నల్లబడే అద్దం

పుష్యమాసం, రెండో శుక్రవారం, పొద్దున్న ఎనిమిదింపావు. అరకు సంతకు వెళ్ళే బస్సు మా షెడ్డు ముందు మలుపు తిరిగి మంచులో కలిసిపోయింది. అదే మంచులోంచి రాముడి ఆటో వచ్చి ఆగింది. వెనక సీటులో కాఫీ పళ్ళ తొక్క తీసే పల్పరు మిషను, కాలు విరిగింది, దాన్ని చంటిబిడ్డలా కావలించుకుని భీమన్న.

మా షెడ్డు అనంతగిరి దాటాక రోడ్డు పక్కన ఉంటుంది. నేను పని మానేశాక నా తమ్ముడి కూతురు సుమిత్ర నడుపుతోంది. ఐటీఐలో వెల్డింగు నేర్చుకుని వచ్చింది. నేను రోజూ వెళ్ళి బల్ల మీద కూర్చుంటాను. కూర్చోమని ఎవరూ అడగలేదు, లేవమని కూడా అనలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే గుంటలూ గుంటళ్ళూ, అంటే ఆడపిల్లలూ మగపిల్లలూ, చదువుతారని ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు పెళ్ళయ్యాక వచ్చాయి కాబట్టి తిప్పి తిప్పి చెప్పడం చేతకాదు. ఎక్కడెక్కడ చేశానో, ఎప్పుడు మేస్త్రీనయ్యానో రాయను. ఆ కబుర్లు నా భార్య చిలకమ్మకే విసుగు పుట్టించేవి. కంటి గురించి రాస్తాను, కంటికి అడ్డం పెట్టుకునే మాస్కు గురించి రాస్తాను. వెల్డరు ఆస్తి చెయ్యి అని అందరూ అంటారు. అది తప్పు. చెయ్యి వణికితే ఇంకో చేత్తో పట్టుకోవచ్చు.

ఆ శుక్రవారం ఏం జరిగిందో చెప్పాలంటే ముందు వెనకటి సంగతి కొంత చెప్పాలి.

కళ్ళు మూసుకుని చేసిన పని

నాకు పని నేర్పినవాడు అప్పలరాజు మేస్త్రీ. అనకాపల్లి వైపు మనిషి. డొంకరాయి దగ్గర ఏటి మీద పనులు జరిగేటప్పుడు, కొండ మీద కట్టెలు మోసుకుంటున్న నన్ను పిలిచి ఇనుము మొయ్యమన్నాడు. కొన్నాళ్ళకి వెల్డింగు రాడ్డు బిగించే హోల్డరు చేతికిచ్చాడు.

అప్పట్లో ఉన్నది చేతి అద్దం. చెక్క పిడి, దానికి ఒక అట్ట పలక, పలక మధ్యలో చిన్న నల్ల గాజు. ఆ గాజులోంచి సూర్యుడు కూడా పాత పైసాలా కనబడతాడు. రాడ్డు అంటుకునేదాకా లోకం ఏమీ కనబడదు. రాడ్డు ఎక్కడ పెట్టాలో కనబడాలంటే అద్దం తియ్యాలి, అంటుకునే క్షణానికి అడ్డం పెట్టాలి. ఒక చేతిలో హోల్డరు, ఒక చేతిలో అద్దం. ఇనుప ముక్కని పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు.

అందుకని ముక్కలు కదలకుండా ముందు వేసే చుక్కలు, అంటే ట్యాకులు, అద్దం లేకుండానే వేసేవాళ్ళం.

"ఒరే సోమిగా, సుక్కకి అద్దమేటిరా. సోటు సూసుకో, కళ్ళు మూసుకో, అంటించు. సెయ్యికి తెలుసు" అనేవాడు మేస్త్రీ.

చెయ్యికి తెలిసేది, నిజమే. కానీ రెప్ప పలచన. ఆ వెలుగు రెప్పలోంచి కూడా లోపలికి వస్తుంది. పగలంతా ఏమీ తెలియదు. పొద్దు గూకాక మొదలవుతుంది, కళ్ళలో ఎవరో కారం కలిపిన ఇసుక పోసినట్టు. బంగాళాదుంప ముక్కలు కోసి పెట్టుకునేవాళ్ళం. చంటిపిల్లల తల్లుల దగ్గరికెళ్ళి పాలు అడిగి కళ్ళలో పోయించుకునేవాళ్ళం. ఇప్పటికీ కొందరు ఇవే చేస్తున్నారని విన్నాను. చెయ్యకండి. ఆసుపత్రికి వెళ్ళండి. తెల్లారేసరికి తగ్గితే అది పాల మహిమ కాదు, కన్ను పడి లేచింది, అంతే. ప్రతిసారీ లేవదు.

అప్పలరాజు మేస్త్రీ మంచి పనివాడు. అలాంటి పనివాడిని మళ్ళీ చూడలేదు. కానీ కంటి విషయంలో మూర్ఖుడు. రెండూ నిజమే. గురువు పని నేర్చుకోండి, గురువు మొండితనం నేర్చుకోకండి.

పచ్చ చెరువు

తనంతట తానే నల్లబడే మాస్కు మొదట ఆ డొంకరాయి పనిలోనే చూశాను. ఒక ఇంజనీరు తెచ్చి మేస్త్రీకి ఇచ్చాడు. మేస్త్రీ తలకి తగిలించుకుని అటూ ఇటూ చూశాడు.

"ఇదేటిరా, పచ్చగా సెరువులో ములిగినట్టుంది. నాకొద్దు. నీ మొకం బాగోదు గదా, నువ్వెట్టుకో, కాస్త నయంగా ఉంటావు."

అలా నాకు వచ్చింది. అది లేకపోతే ఈ మాటలు రాయడానికి నాకు ఈ ఒక్క కన్ను కూడా మిగిలేది కాదు.

దాని పని ఇలా ఉంటుంది. మామూలుగా అద్దంలోంచి అంతా లేత పచ్చగా కనబడుతుంది. రాడ్డు ఎక్కడుందో, అతుకు ఎక్కడుందో చూసుకోవచ్చు. రెండు చేతులూ ఖాళీ. రాడ్డు అంటుకోగానే, రెప్ప వేసేంత టైము కూడా పట్టకుండా, అద్దం నల్లబడుతుంది. రాడ్డు తీస్తే మళ్ళీ పచ్చబడుతుంది. ముందువైపు చిన్న గాజు చుక్కలు ఉంటాయి. అవే దాని కళ్ళు. వెలుగుని చూసేది అవి. వాటికి కనబడితేనే నీ కన్ను బతుకుతుంది. పైపు కింద దూరి చేసేటప్పుడు ఆ చుక్కలకి పైపు గాని నీ చెయ్యి గాని అడ్డం వచ్చిందా, అద్దం నల్లబడదు. అది మాస్కు తప్పు కాదు.

తిప్పే నాబులు మూడు. ఎంత నలుపు కావాలో ఒకటి, ఎంత చిన్న వెలుగుకి ఉలిక్కిపడాలో ఒకటి, వెలుగు పోయాక ఎంత బేగి పచ్చబడాలో ఒకటి. నలుపు నాబు గురించి కుర్రాళ్ళు పందెం కాస్తారు, నేను తక్కువ నలుపుతో చేస్తానంటే నేను తక్కువతో చేస్తానని. కరెంటు ఎక్కువ పెడితే నలుపు ఎక్కువ పెట్టు. అందులో మగతనం ఏమీ లేదు. ఇవి కాక గ్రైండింగుకి ఒక మీట ఉంటుంది. దాన్ని పెడితే నిప్పురవ్వలు ఎన్ని రాలినా అద్దం నల్లబడదు. గ్రైండింగు అయ్యాక ఆ మీట వెనక్కి తియ్యడం మరిచి రాడ్డు అంటించినవాళ్ళని ఎంతోమందిని చూశాను. హోల్డరు పట్టుకునే ముందు వేలితో ఆ మీట తడుముకోండి, గుమ్మం దాటే ముందు గొళ్ళెం తడుముకున్నట్టు.

మంచి మాస్కయితే నల్లబడకపోయినా కంటిని కాల్చే కనబడని కిరణాల్ని ఆపుతుందని ఆ ఇంజనీరు చెప్పాడు. నమ్మాను. కానీ కావాలని నా కంటితో పరీక్ష పెట్టలేదు, మీరూ పెట్టకండి.

చాలా ఏళ్ళ తర్వాత మేస్త్రీని చూడ్డానికి ఆయన ఊరు వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా గొంతు పట్టి గుర్తుపట్టాడు, మొహం పట్టి కాదు.

"సోమిగా, ఆ పచ్చ సెరువు ఇంకా ఉందేటి?"

"ఉంది మేస్త్రీ."

"జాగర్తరా" అన్నాడు. నన్ను తిట్టకుండా ఆయన మాట్లాడ్డం అదే మొదటిసారి.

విత్తనాల పక్కన

మాస్కు ఇంటికి తెచ్చిన రోజు చిలకమ్మకి రెండే మాటలు చెప్పాను. చలి తగలకూడదు, చెమ్మ తగలకూడదు. చలికి ఆ అద్దం మందగిస్తుంది, నల్లబడ్డం ఆలస్యం చేస్తుంది. చెమ్మకి లోపలి బ్యాటరీ పాడవుతుంది.

ఆవిడ ఇల్లంతా చూసింది. వానాకాలంలో మా గోడలు చెమటలు పడతాయి, చలికాలంలో మంచు తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చి పడుకుంటుంది. చలీ చెమ్మా లేని చోటు మా ఇళ్ళలో ఒకటే, పొయ్యి మీద వాసాలు. వచ్చే ఏటికి వెయ్యాల్సిన జొన్న పొత్తులు, సోళ్ళ విత్తనం, అంటే రాగులు, పోసిన సొరకాయ బుర్ర అక్కడే వేలాడతాయి. పొగకి పురుగు పట్టదు. ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఏదో అదే అక్కడ ఉంటుంది. చిలకమ్మ మాస్కుని తాడు కట్టి ఆ పొత్తుల మధ్య వేలాడదీసింది.

వారం తిరక్కుండా మాస్కు కళ్ళకి మసి పట్టింది. ఆ మసి నాకు కనబడలేదు. నల్లటి డొప్ప మీద నల్లటి మసి. రాడ్డు అంటించాను, అద్దం పచ్చగానే ఉండిపోయింది. తెల్లటి పిడుగు నేరుగా మొహం మీద పడ్డట్టయింది. కళ్ళు మూసుకుని ఇంటికొచ్చి విషయం చెప్పాను.

"ఇత్తనానికి మంచిదైన పొగ దీనికి సెడ్డదా? ఇదేటి ఇత్తనం?" అంది చిలకమ్మ.

"ఇత్తనం కాదే, కన్ను."

"కన్నయితే మొకం కడగాల" అని లేచి, గిన్నెలు తోమే బూడిద పిడికెడు తీసింది. చెయ్యి పట్టుకుని ఆపాను. తర్వాత ఆవిడ తన పాత నూలు చీర కొంగు చింపి, తడిపి, గట్టిగా పిండి, పిల్లల చెవులు తుడిచినట్టు ఆ చుక్కల్ని తుడిచింది.

అదే పద్ధతి. ఇప్పటికీ అంతకంటే మంచిది నాకు తెలియదు. మెత్తటి నూలు గుడ్డ, తడిపి పిండినది. కిరసనాయిలు వద్దు, థిన్నరు వద్దు, బూడిద వద్దు, నీళ్ళలో ముంచడం అసలే వద్దు. అద్దం ముందుండే పలచటి ప్లాస్టిక్ పలక మీద రవ్వలు పడి మచ్చలవుతాయి. అది మార్చుకోవడానికే ఉంది, మార్చండి. పిసినారితనంతో మసక పలకలోంచి చూస్తూ అతుకు వంకర పోయిందని రాడ్డుని తిట్టేవాళ్ళున్నారు. పని అయ్యాక మాస్కుని బోర్లించి పెట్టకండి. గుడ్డ సంచిలో పెట్టండి. చలి పొద్దుల్లో దుప్పటి కింద పొట్టకి ఆనించుకుని కాసేపు కూర్చోండి. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పొద్దుటి చుట్ట

ఆ రోజు తర్వాత మాస్కుని చిలకమ్మ నమ్మలేదు. రోజూ నేను పనికి వెళ్ళే ముందు తానే పరీక్ష పెట్టేది.

చిలకమ్మ అడ్డపొగ తాగేది. మా వైపు ఆడవాళ్ళు చాలామంది తాగుతారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. టీ తాగగానే సంతలో కొన్న లైటరు తీసేది. నేను గుమ్మంలో మాస్కు పెట్టుకుని, ఉలిక్కిపడే నాబు చివరిదాకా తిప్పి, ఎదురుగా కూర్చునేవాణ్ణి. పచ్చ చెరువులో ఆవిడ మొహం, ముక్కుకి మూడు నత్తులు. లైటరు నొక్కేది. టక్కున నలుపు. మొహం లేదు, ఇల్లు లేదు, మంట ఒక్కటే చిన్న చుక్కలా ఉండేది.

"కనబడతన్నానా?"

"లేదు."

మంట ఆరేది. చుట్ట నోట్లోకి తిరిగేది.

"ఇప్పుడో?"

"ఉన్నావు."

"అయితే ఎల్లు."

అన్నేళ్ళూ ఇవే మాటలు. ఒక్క పొద్దు కూడా మార్చలేదు. ఆవిడ అయిదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివింది. నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే, తుప్పు పట్టిన రేకు మీద, ఇనుము మీద గీతలు గీసే సుద్దతో. మేస్త్రీ ముక్కల మీద ఏదో రాసేవాడు, నేను ఎవరినో ఒకరిని అడిగేవాణ్ణి. ఆవిడ నేర్పాక నా అంతట నేను చదివిన మొదటి మాట 'పైకి'. ఇంటికొచ్చి చెబితే, "కిందకి ఎప్పుడు సదువుతావు?" అంది.

ఒక వానాకాలం జ్వరంతో పోయింది. పాడేరు ఆసుపత్రి దాకా కూడా రాలేదు, దారిలోనే పోయింది.

ఆ ఏడే నాకు ఒక కన్ను పూర్తిగా మసకబారింది. విశాఖలో కంటి డాక్టరు రెండో కన్నులోకి చాలాసేపు చూసి, "ఇంక ఆ వెలుగు జోలికి వెళ్ళకు. ఇది పాత దెబ్బ. మిగిలింది దాచుకో" అన్నాడు. ఇంటికొచ్చి మాస్కుని పొయ్యి మీద, చిలకమ్మ మొదటి రోజు కట్టిన చోటే, అదే వాసానికి కట్టాను. పొగ పడుతుందని తెలుసు. తెలిసే కట్టాను. దానితో ఇక ఎవరికీ పని లేదనుకున్నాను. సుమిత్ర ఒకసారి అడిగింది. కొత్తది కొనుక్కోమన్నాను.

పని మానేశాక నాకు జీతం గుర్తురాలేదు. గుర్తొచ్చేది కరిగిన ఇనుము. నల్ల అద్దంలోంచి చూస్తే అది చిన్న మడుగులా తళతళలాడుతూ, రాడ్డు వెనకే నడుస్తుంది, పిలిస్తే వచ్చే కోడిపిల్లలా. అది చూడకుండా ఒక రోజు గడుస్తుందని వయసులో అనుకోలేదు.

మళ్ళీ ఆ శుక్రవారం

భీమన్న మిషను దించాడు. నిన్న కోసిన పళ్ళు బస్తాల్లో ఇంటి దగ్గర ఉన్నాయి. కాఫీ పళ్ళకి కోసిన మర్నాటికల్లా తొక్క తియ్యకపోతే పులుస్తాయి, పులిసిన గింజ సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళ ఊరంతటికీ ఈ మిషనే. సంత రోజు కాబట్టి దగ్గర్లో ఇంకో షెడ్డు తెరిచి లేదు. విరిగింది ఇనుప కాలు, లోపలి మూల దగ్గర.

సుమిత్ర తన మాస్కు పెట్టుకుని రాడ్డు అంటించింది. వెంటనే తీసేసి తల విదిలించింది. మళ్ళీ అంటించింది. మళ్ళీ తీసింది.

"మినుకుమినుకుమంటంది పెదనానా. నల్లబడతంది, తెల్లబడతంది. బేటరీ మొన్నే మార్సినాను. ఇది పోయింది."

"మావా, నువ్వెట్టెయ్యి" అన్నాడు భీమన్న. "సేతి అద్దం గోడకుంది గదా. నీకలవాటే."

"సేతి అద్దం నాకు సేతకాదు. పెదనానని డాక్టరు వద్దన్నాడు" అంది సుమిత్ర.

"ఒక్క కాలికి ఏటైపోతాది? పళ్ళు పులిసిపోతాయి గాని."

నా చెయ్యి అప్పటికే హోల్డరు మీద ఉంది. ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలియదు. పిడి వెచ్చగా ఉంది. అబద్ధం ఎందుకు, భీమన్న పళ్ళు నాకు గుర్తు లేవు. ఆ మడుగు ఒక్కసారి చూడాలి, అంతే.

"పెదనానా, హోల్డరు ఒగ్గు. ఇంటికెల్లి ఆ మాస్కట్రా."

"అది మసిపట్టిపోయింది. పనికిరాదు."

"పనికిరాదో, నువ్వు ఇయ్యవో?"

పక్కింటి నుంచి బుద్రి వచ్చి నిలబడి ఉంది. చిలకమ్మ చెల్లెలు, నాకు మరదలు. నన్ను ఒక మాట అనకుండా దానికి పూట గడవదు.

"ఇయ్యడు" అంది బుద్రి. "మా అప్పని అందులో దాసినాడు."

రాముడు నవ్వాడు. ఎవరూ కలవకపోయేసరికి ఆపేశాడు. నేను హోల్డరు వదిలాను.

ఇల్లు షెడ్డు వెనకే. తాడు మసికి బిగుసుకుపోయింది, కొడవలితో కొయ్యాల్సి వచ్చింది. మాస్కు చేతికి రాగానే జొన్న వాసన, పొగ వాసన. షెడ్డుకి తెచ్చి బల్ల మీద పెట్టాను. బుద్రి ఇంట్లోంచి పాత నూలు గుడ్డ తెచ్చి తడిపి పిండి ఇచ్చింది. మొదటి తుడుపుకి గుడ్డ నల్లబడింది. నాలుగు మూలలు తిప్పి తుడిచాక చుక్కలు మెరిశాయి. మసకబారిన ముందు పలక పీకేశాను, సుమిత్ర తన దగ్గరున్న కొత్త పలకని కత్తిరించి అమర్చింది. బ్యాటరీ కూడా తన మాస్కులోది తీసి వేసింది. తర్వాత దాన్ని దుప్పటిలో పెట్టి పొట్టకి ఆనించుకుని కూర్చున్నాను.

"పొదుగుతన్నాడు" అంది బుద్రి.

"పిల్లవుద్దా అత్తా?" అన్నాడు రాముడు.

"సూద్దాం ఉండు."

వెచ్చబడ్డాక పెట్టుకున్నాను. నాబు చివరిదాకా తిప్పాను. ఎవరూ చెప్పకుండానే బుద్రి వచ్చి ఎదురుగా కూర్చుంది, రొంటి నుంచి చుట్ట తీసింది, లైటరు తీసింది. పచ్చ నీళ్ళలో దాని మొహం. అవే చెంప ఎముకలు, అవే మూడు నత్తులు. ఆ ఇంటి ఆడవాళ్ళందరిదీ ఒకటే మొహం. ఎండలో నాకెప్పుడూ అలా అనిపించలేదు.

లైటరు నొక్కింది.

టక్కున నలుపు. మంట చుక్క ఒక్కటే. మాస్కు బతికే ఉంది. ఆ సంగతి వెంటనే సుమిత్రకి చెప్పాలి. చెప్పలేదు. ఆ నలుపు ఆరకూడదనుకున్నాను. ఆరితే ఎవరు కనబడతారో తెలుసు కాబట్టి.

ఆరింది. బుద్రి. చుట్ట నోట్లోకి తిప్పుకుని నా వైపు చూస్తోంది. దానికి మా గుమ్మంలో పొద్దుటి మాటలు తెలుసు, గోడ అవతల నుంచి అన్నేళ్ళూ విన్నదే.

"కనబడతన్నానా బావా?" అని అడిగింది. వేళాకోళం లేదు గొంతులో.

"కనబడుతున్నావు" అన్నాను. మాస్కు తీసి సుమిత్రకి ఇచ్చాను. "పని చేస్తోంది. నీ తలకి పట్టీ బిగించుకో. నలుపు నాబు ఒక గీత పెంచు. గ్రైండింగు మీట చూసుకో."

"సూసినాను."

సుమిత్ర కింద కూర్చుంది. భీమన్నా రాముడూ మిషను కదలకుండా పట్టుకుని మొహాలు తిప్పుకున్నారు. బుద్రి కొంగు కప్పుకుంది. నేను లేచి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

వీపు మీద వెలుగు పడింది. ఎదురుగా మంచు తెరలా ఉంది కదా, దాని మీద నా నీడ నీలంగా లేచి నిలబడింది, ఆరింది, మళ్ళీ లేచింది. మడుగు కనబడదు. చప్పుడు వినబడుతుంది. మొదట చిటపట తెగిపోతూ వచ్చింది, రాడ్డు దూరంగా పట్టుకుంది. దగ్గరగా తీసుకోమని చెప్పబోయాను. అంతలో తనే తీసుకుంది. పెనం మీద గింజలు ఒక్క తీరున వేగుతున్న చప్పుడు. ఆ చప్పుడు చివరిదాకా మారలేదు. నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

సుత్తితో పై పెచ్చు రాలగొట్టాక తిరిగి చూశాను. అతుకు గొంగళిపురుగు పాకినట్టు వరసగా ఉంది. భీమన్న చక్రం తిప్పాడు, మిషను ఊగలేదు. బస్తాలు గుర్తొచ్చి, "బేగి పద" అని రాముణ్ణి తొందరపెట్టాడు.

సుమిత్ర మాస్కు తీసి నా ముందు పట్టుకుంది.

"ఇదిగో పెదనానా."

"నీ దగ్గరే ఉంచు. పొయ్యి మీద కట్టకు."

"పొద్దున్నే పరీక్ష ఎవులు సేత్తారు?"

"నా సుట్ట ఎలాగూ ఎలిగించాల గదా" అంది బుద్రి.

మా ఇంట్లో పొయ్యి మీద ఇప్పుడు జొన్న పొత్తుల మధ్య ఒక ఖాళీ ఉంది. కోసిన తాడు అలాగే వేలాడుతోంది. అక్కడ వేరే ఏదీ కట్టలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: మిషను తెచ్చిన భీమన్న. ఆటో రాముడు. చుట్ట ముట్టించిన బుద్రి. కాలు అతికించిన సుమిత్ర, వెల్డరు. నేను, సోమన్న, అటు తిరిగి నిలబడి.